బీచ్‌లో ఎయిర్ షో ఫొటోలు ఎలా తీయాలి: ప్రాక్టీసు ఇంట్లో ఫ్యాన్ దగ్గర మొదలుపెట్టండి

వైజాగ్ ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు జరిగిన మర్నాడు నా ఫోనుకి ఫొటోలు రావడం మొదలవుతుంది. అమలాపురం నుంచి, కాకినాడ నుంచి, అటు భీమవరం నుంచి. పంపేవాళ్లలో ఎక్కువమంది నాలాగే పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు. అడిగేవి రెండే ప్రశ్నలు. "అన్నా, విమానం నల్లగా పడింది ఎందుకు?" "అన్నా, ఫొటో షార్ప్‌గానే ఉంది, కానీ ప్రొపెల్లర్ ఆగిపోయినట్టుంది. దారం కట్టి వేలాడదీసిన బొమ్మలా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?"

ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. పెళ్లిలో తలంబ్రాలు ఎగిరే క్షణాన్ని పట్టుకోగలిగిన చేతికి విమానం కష్టమేమీ కాదు. కాకపోతే మండపంలో అలవాటైన సెట్టింగులు ఇక్కడ పనికిరావు.

ముందు షో ఎక్కడో చూసుకోండి

నేవీ డే డిసెంబరు 4. 1971 యుద్ధంలో కరాచీ రేవు మీద మన నౌకాదళం దాడి చేసిన రోజు అది. అయితే "నేవీ డే అంటే వైజాగే కదా" అని టికెట్లు తీసేసుకోకండి. 2023లో ప్రధాన వేడుక మహారాష్ట్ర సింధుదుర్గ్‌లో, 2024లో పూరీ బీచ్‌లో జరిగాయి. ఆ సీజన్‌లో వైజాగ్ విన్యాసాలు 2025 జనవరి 4న పెట్టారు. ఎయిర్ ఫోర్స్ డే అక్టోబరు 8. దాని ఫ్లైపాస్ట్ (విమానాలు వరసగా ఎగిరి చూపే ప్రదర్శన) కూడా ఊళ్లు మారుతోంది. 2022లో చండీగఢ్, 2023లో ప్రయాగ్‌రాజ్, 2024లో చెన్నై మెరీనా.

పాత విమానాలు కావాలంటే ఎయిర్ ఫోర్స్ షో చూడాలి. డకోటా, హార్వర్డ్, టైగర్ మాత్ లాంటివి వాళ్ల వింటేజ్ విమానాల్లో ఉన్నాయి. వైజాగ్‌లో కనిపించేవి ఎక్కువగా నేవీవి: చేతక్, ధ్రువ్, కామోవ్ హెలికాప్టర్లు, ప్రొపెల్లర్లతో ఎగిరే డోర్నియర్, పీ-8ఐ, హాక్ జెట్లు.

ఒక మాట గట్టిగా చెబుతాను. వీలైతే అసలు రోజు కన్నా రిహార్సల్ రోజు వెళ్లండి. అవే విమానాలు, దాదాపు అదే వరస, జనం మాత్రం చాలా తక్కువ. రెండు రోజులూ వెళ్లగలిగితే మొదటి రోజు ఏ విమానం ఎటు నుంచి వస్తుందో కాగితం మీద రాసుకోండి. రెండో రోజు మీకంటే సిద్ధంగా ఉన్నవాడు బీచ్‌లో ఉండడు.

కావలసినవి

- కెమెరా, 70-300 లెన్స్. 100-400 గానీ 150-600 గానీ అద్దెకి దొరికితే ఇంకా మంచిది. పెళ్లిళ్లకి వాడే 70-200 ఉంటే అదీ తీసుకెళ్లండి. తొమ్మిది విమానాల సూర్యకిరణ్ ఫార్మేషన్‌కి అదే సరిపోతుంది.
- పోలరైజర్ ఫిల్టర్. ఎందుకో 5వ స్టెప్‌లో చెబుతాను.
- రెండు బ్యాటరీలు, రెండు కార్డులు, గాలి బ్లోయరు, రెండు మెత్తటి గుడ్డలు, ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు.
- టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు.

ట్రైపాడ్ వద్దు. జనంలో అడ్డం, పైగా విమానం వెంట తిరగడానికి అది సాయపడదు.

1. ఇంట్లో ఫ్యాన్ ముందు ఒక గంట

ఇది దాటేసి వెళ్లినవాళ్లే మర్నాడు నాకు ఆగిపోయిన ప్రొపెల్లర్ ఫొటోలు పంపుతారు.

టేబుల్ ఫ్యాన్ నిమిషానికి సుమారు 1,300 సార్లు తిరుగుతుంది. డకోటా ప్రొపెల్లర్ మామూలుగా ఎగిరేటప్పుడు తిరిగేది కూడా దాదాపు అంతే, 1,100 పైన. రెండింటికీ మూడేసి రెక్కలు. సీలింగ్ ఫ్యాన్ నిమిషానికి 300 నుంచి 400. చేతక్ హెలికాప్టర్ పెద్ద రెక్కలు తిరిగేది సుమారు 350, అవీ మూడే. అంటే డకోటా, చేతక్ రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయి.

పగటిపూట టేబుల్ ఫ్యాన్‌ని కిటికీ పక్కన పెట్టి ఫుల్ స్పీడులో వేయండి. వరసగా 1/1000, 1/500, 1/250, 1/125, 1/60 షట్టర్ స్పీడుల్లో (1/1000 అంటే సెకనులో వెయ్యో వంతు) తీయండి. 1/1000 దగ్గర రెక్కలు కరెంటు పోయినట్టు నిలబడిపోతాయి. 1/250కి అంచులు చెదురుతాయి. 1/125 దగ్గర ఒక్కో రెక్కా విసనకర్రలా విచ్చుకుంటుంది, వాటి మధ్య ఖాళీ దాదాపు సగం నిండుతుంది. మీకు కావలసింది ఆ విచ్చుకోవడమే. తర్వాత సీలింగ్ ఫ్యాన్‌తో ఇదే పని 1/250 నుంచి 1/30 దాకా చేయండి.

హెచ్చరిక: ఎల్ఈడీ బల్బు, ట్యూబులైటు కింద ఈ పరీక్ష చేయకండి. ఆ దీపాలు కంటికి తెలియకుండా మినుకుతాయి, ఫొటోలో చారలు పడి లెక్క తప్పుతుంది.

2. చెరువు గట్టు మీద ఒక వారం

ఇప్పుడు కదిలేదాని వెంట కెమెరా తిప్పడం. దీనికి మన డెల్టాని మించిన మైదానం లేదు. కాలువ గట్టు మీద వెళ్లే బైకులతో మొదలుపెట్టండి. తర్వాత రొయ్యల చెరువుల మీద ఎగిరే కొంగలు. చివరికి ఉప్పాడలోనో అంతర్వేది పల్లిపాలెంలోనో చేపలు దించే చోట తిరిగే గరుడ పక్షులు. అవి గాలిలో తేలుతూ ఒక్కసారిగా ఒంగి కిందికి దిగే తీరు జెట్ మలుపు తిరిగే తీరులాగే ఉంటుంది.

ఎలా తిప్పాలో మాటల్లో చెప్పడం కష్టం. వల విసిరేవాణ్ణి చూడండి, తెలుస్తుంది. పాదాలు కదలవు. నడుము ముందు వెనక్కి తిరుగుతుంది, అక్కణ్ణుంచి ఒకే ఊపులో ముందుకి వస్తుంది. వల చేతిని వదిలేశాక కూడా చెయ్యి ఆగదు, ఆ ఊపులో సాగుతూనే ఉంటుంది. మీరు కూడా ఫొటో ఎక్కడ పడాలో అటు పాదాలు పెట్టి, విమానం వచ్చే వైపు నడుము తిప్పండి. మోచేతులు పక్కటెముకలకి ఆనించండి. దానితోపాటు తిరుగుతూ క్లిక్ చేయండి, క్లిక్ అయ్యాక కూడా తిరగడం ఆపకండి. చాలామంది బటన్ నొక్కగానే చేతులు ఆపేస్తారు. బ్లర్ వచ్చేది అక్కడే.

1/125లో 30 ఫొటోలు తీస్తే నాలుగు షార్ప్‌గా వచ్చాయంటే మీరు షోకి సిద్ధం. నాలుగేనా అనుకోకండి, ఆ స్పీడుకి అది మంచి లెక్క.

3. ఎండ ఎటు నుంచి పడుతుందో చూసి నిలబడండి

"విమానం నల్లగా పడింది" అన్న ప్రశ్నకి సగం జవాబు ఇదే. మన తీరమంతా తూర్పుకో ఆగ్నేయానికో తిరిగి ఉంటుంది. పొద్దున్న సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, విమానం నీడ బొమ్మలా పడుతుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు మన వెనక్కి వస్తాడు, విమానం రంగులు కనపడతాయి.

ఆర్కే బీచ్‌లో సాయంత్రం సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపు కైలాసగిరి, కుడి చేతి వైపు డాల్ఫిన్స్ నోస్. డిసెంబరులో సూర్యుడు నైరుతి పక్కకి దిగుతాడు, అంటే మీ కుడి భుజం వెనకాల. కాబట్టి కైలాసగిరి వైపు ఆకాశంలో ఉన్న విమానం మీద ఎండ చక్కగా పడుతుంది. డాల్ఫిన్స్ నోస్ వైపు వెళ్లేకొద్దీ నీడ బొమ్మ అవుతుంది. వచ్చే విమానాన్ని ఎడమ వైపునే పట్టుకోండి. కుడి వైపు వెళ్లాక పొగ చారల్నీ నీడ బొమ్మల్నీ కావాలని తీయండి, అవీ బాగుంటాయి.

మెరీనా షో పొద్దున 11కి మొదలైంది. అప్పుడు సూర్యుడు నెత్తి మీద ఉంటాడు, విమానం పొట్ట చీకటిగా ఉంటుంది. అలాంటప్పుడు నేరుగా వెళ్లే విమానం మీద కార్డు ఖర్చు చేయకండి. అది పక్కకి ఒరిగి మలుపు తిరిగేటప్పుడు దాని వీపు మీద ఎండ పడుతుంది, ఆ రెండు సెకన్లు మీవి.

4. రెండు సెట్టింగులు ముందే సేవ్ చేసుకోండి

మెరీనాలో డకోటా వచ్చినప్పుడు నా కెమెరాలో జెట్ల కోసం పెట్టుకున్న 1/1600 ఉంది. మార్చడం మర్చిపోయాను. తోక మీద నంబరు స్పష్టంగా పడింది, ప్రొపెల్లర్లు రెండూ ఆగిపోయి ఉన్నాయి. ఆ విమానం పేరు పరశురామ, నంబరు వీపీ 905. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంట్ సైనికుల్ని మొదటగా శ్రీనగర్‌లో దించిన డకోటా నంబరు అది, అదే నంబరు దీనికి పెట్టారు. అలాంటి విమానం నా ముందు నుంచి వెళ్తే గాలిలో ఆగిపోయినట్టు తీశాను. ఆ బాధ ఇంకా పోలేదు.

అందుకే కెనాన్‌లో సీ1, సీ2, నికాన్‌లో యూ1, యూ2, సోనీలో 1, 2 అని ఉండే స్థానాల్లో ముందే పెట్టేయండి. మీ మోడల్‌లో అవి లేకపోతే డయల్ చూడకుండా 1/1600 నుంచి 1/125కి ఎన్ని టిక్కులో లెక్కపెట్టుకుని చేతికి అలవాటు చేయండి.

మొదటిది జెట్‌కి: షట్టర్ ప్రయారిటీ (స్పీడు మీరు పెడతారు, అపర్చర్ అంటే లెన్స్ లోపలి రంధ్రం సైజు కెమెరా చూసుకుంటుంది), 1/1600 లేదా 1/2000, ఆటో ఐఎస్‌వో (వెలుతురుకి సెన్సార్ స్పందించే స్థాయి).

రెండోది తిరిగే రెక్కలున్నవాటికి: షట్టర్ ప్రయారిటీ, 1/125, ఐఎస్‌వో 100.

రెండింటిలోనూ ఫోకస్ కంటిన్యుయస్‌లో (కెనాన్‌లో ఏఐ సర్వో, మిగతావాటిలో ఏఎఫ్-సీ), మధ్యలో చిన్న ఫోకస్ జోన్, బరస్ట్ (బటన్ నొక్కి ఉంచితే వరసగా ఫొటోలు పడటం) ఆన్. లెన్స్ మీద స్టెబిలైజర్‌కి రెండు మోడ్‌లుంటే ప్యానింగ్‌ది (కదిలేదాని వెంట కెమెరా తిప్పేటప్పటిది) పెట్టండి, సాధారణంగా అది 2.

5. ఏ విమానానికి ఎంత స్పీడు

డకోటాకి 1/125. హార్వర్డ్‌కి 1/250 చాలు. దాని ఇంజను ప్రొపెల్లర్‌ని గేర్లు లేకుండా నేరుగా తిప్పుతుంది, అందుకే డకోటా కంటే చాలా వేగంగా తిరుగుతుంది. ఆ చెవులు చిల్లులు పడే గోల కూడా అందువల్లే. డోర్నియర్‌కి 1/200. హెలికాప్టర్లకి 1/100, ఒకేచోట నిలబడి తాడు దింపుతుంటే 1/60 దాకా తగ్గవచ్చు. కామోవ్‌కి ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లు, అవి విడివిడిగా తెలిసేలా పక్క నుంచి తీయండి. హాక్, తేజస్, రాఫెల్, పీ-8ఐ అన్నీ జెట్లే, వాటికి మొదటి సెట్టింగు.

నేరుగా 1/125కి దూకవద్దు. విమానం మొదటిసారి వెళ్లేటప్పుడు 1/320, ఆ ఫొటో చేతికొచ్చాక రెండోసారికి 1/160, మూడోసారికి 1/100. ఒక్కసారే వెళ్తుందని తెలిస్తే 1/200 దగ్గర ఆగండి.

పోలరైజర్ ఇక్కడ కావాలి. మంచి ఎండలో ఐఎస్‌వో 100, 1/125 అంటే అపర్చర్ ఎఫ్/14 దాకా మూసుకుంటుంది. అంత మూసినప్పుడు సెన్సార్ మీద దుమ్ము మొత్తం ఆకాశంలో నల్లచుక్కలై కనపడుతుంది. పోలరైజర్ ఒకటిన్నర స్టాపుల వెలుతురు తగ్గిస్తుంది (ఒక స్టాపు అంటే వెలుతురు సగమవడం), అపర్చర్ ఎఫ్/8 దగ్గరకి వస్తుంది. లేకపోయినా ఫొటో ఆగదు, కానీ బయల్దేరే ముందు సెన్సార్ క్లీన్ చేయించండి. ఎండ తగ్గగానే పోలరైజర్ తీసేయడం మర్చిపోవద్దు.

6. ఆకాశాన్ని కాదు, విమానాన్ని నమ్మండి

కెమెరా తెల్లటి ఆకాశం చూసి "వెలుతురు ఎక్కువుంది" అనుకుని ఫొటో మొత్తం చీకటి చేస్తుంది. విమానం నల్లబడటానికి మిగతా సగం కారణం ఇది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్‌లో పెట్టండి. నీలాకాశమైతే ప్లస్ 0.3, సముద్రం మీద తెల్లటి పొగమబ్బు ఉంటే ప్లస్ 1, ఇంకా బూడిద రంగుగా ఉంటే ప్లస్ 1.3. ఎండలో వెనక స్క్రీన్ చూసి తేల్చుకోకండి, హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. మబ్బు తెల్లగా కాలిపోయినా పరవాలేదు, విమానం ఒంటి మీద కాలకూడదు.

వైజాగ్‌లో విన్యాసాలు సాయంత్రం నాలుగు ప్రాంతంలో మొదలవుతాయి, డిసెంబరు మొదట్లో సూర్యుడు 5.20 దాటగానే అస్తమిస్తాడు. గంటలో వెలుతురు పడిపోతుంది. ఐఎస్‌వో 400తో మొదలైంది 3200 దాటుతుంది. ఆఖర్లో జెట్‌కి కూడా 1/800కి దిగండి.

7. విమానం దగ్గరికి వచ్చాకే బటన్ నొక్కండి

దూరంగా చుక్కలా కనపడగానే బరస్ట్ మొదలుపెడితే సరిగ్గా మీ ఎదురుగా వచ్చేసరికి కెమెరా బఫర్ (కార్డులోకి వెళ్లేలోపు ఫొటోలు ఆగే మెమరీ) నిండి ఆగిపోతుంది. ముందు వ్యూఫైండర్‌లో వెంబడించండి, ఫోకస్ పట్టుకోనివ్వండి, ఫ్రేములో సగం నిండాక రెండు మూడు సెకన్లు తీయండి. ముక్కు ముందు ఖాళీ వదలండి.

సూర్యకిరణ్ జట్టుకి (1996లో కిరణ్ విమానాలతో మొదలై ఇప్పుడు హాక్‌ల మీద ఎగురుతున్న ఎరుపు, తెలుపు జట్టు) జూమ్ తగ్గించండి. రెండు విమానాలు ఎదురెదురుగా దూసుకొచ్చి దాటేటప్పుడు రెండింటినీ చూడాలని ప్రయత్నించవద్దు. ఒకదాని వెంటే ఉండండి, రెండోది తనే ఫ్రేములోకి వస్తుంది.

ఫోను మాత్రమే ఉంటే జూమ్ జోలికి పోకండి. పొగ చారలు, కింద జనం, పక్కన అలలు కలిపి వెడల్పుగా తీయండి.

8. ఉప్పుగాలి, తేమ, ఎండ

మధ్యాహ్నం సముద్రం మీద నుంచి వచ్చే గాలిలో ఉప్పు నీటి తుంపర ఉంటుంది. గంటకోసారి లెన్స్ చూసుకోండి. ముందు బ్లోయరుతో ఇసుక ఊదేయాలి, తర్వాత కొద్దిగా తడిపిన గుడ్డతో, చివర పొడి గుడ్డతో తుడవాలి. నేరుగా తువ్వాలుతో తుడిచి నా 70-200 ముందు గాజు మీద గీతలు పడేసుకున్నాను. ఇసుకలో నిలబడి లెన్స్ మార్చకండి.

ఏసీ బస్సులోంచో కారులోంచో దిగగానే కెమెరా బయటికి తీస్తే తేమ పట్టి లెన్స్ మసకబారుతుంది. బ్యాగు మూసే ఉంచి అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

మనుషుల సంగతి ఇంకా ముఖ్యం. 2024 అక్టోబరు 6న మెరీనాకి లక్షల్లో జనం వచ్చారు, ఎండకీ రద్దీకీ అయిదుగురు చనిపోయారు. నీళ్లు దాహం వేయకముందే తాగుతూ ఉండండి. పెద్దవాళ్లనీ పసిపిల్లల్నీ వెంట తీసుకెళ్లవద్దు. షో అవగానే జనంతో పాటు పరిగెత్తకండి, గంటసేపు ఇసుకలోనే కూర్చోండి. అమలాపురం వైపు వాళ్లు ఎదుర్లంక వంతెన దాటి యానాం, కాకినాడ మీదుగా సామర్లకోటలో రైలెక్కడం మేలు. తిరుగు రైలు రాత్రి ఆలస్యంగా ఉండేలా చూసుకోండి.

9. తీయకూడనివి

డ్రోన్ తీసుకెళ్లవద్దు. ఆకాశంలో విమానాలుండగా డ్రోన్ లేపడం ప్రాణాలతో చెలగాటం. వైజాగ్ ఎయిర్‌పోర్టు నేవీ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది, అక్కడి రన్‌వే, గోడలు, నిలిపిన విమానాలు తీయవద్దు. అధికార రహస్యాల చట్టం 1923 నుంచి అమల్లో ఉంది. కాకినాడ తీరంలో టైగర్ ట్రయంఫ్ (అమెరికాతో కలిసి చేసేది) లాంటి సైనిక విన్యాసాలు జరిగినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. అవి మనకోసం పెట్టిన షోలు కావు.

నిలబడి ఉన్న విమానం దగ్గరగా కావాలంటే బీచ్ రోడ్డు మీద టీయూ-142 మ్యూజియం ఉంది. 29 ఏళ్లు సేవచేసి 2017లో విశ్రాంతి తీసుకున్న విమానం. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. షో రోజు పొద్దున్నే అక్కడికి వెళ్లండి, ఎండ సముద్రం వైపు నుంచి దాని మీద పడుతుంది.

ఫొటో చూసి తప్పు పట్టుకోవడం

కంప్యూటర్‌లో నూటికి నూరు శాతం పెద్దది చేసి చూడండి. తోక మీద నంబరు చదవగలగాలి, ప్రొపెల్లర్ విచ్చుకుని ఉండాలి. రెండూ ఉంటే ఆ ఫొటో ఉంచండి. లేకపోతే:

- విమానం చెదిరింది, వెనక మబ్బు గానీ కొండ గానీ షార్ప్‌గా ఉంది: మీరు తిరగడం ఆగిపోయింది, లేదా నెమ్మదైంది. మళ్లీ గట్టు మీదికి.
- అంతా పైకీ కిందికీ చెదిరింది: మోచేతులు ఒంటికి ఆనలేదు.
- ముక్కు షార్ప్, తోక బ్లర్: విమానం మీ వైపు వాలుగా వస్తోంది. అప్పుడు 1/320 కంటే తగ్గకూడదు, పక్క నుంచి దాటేటప్పుడే 1/125.
- ఏ దిక్కుకీ చెదరలేదు, మెత్తగా ఉంది: ఫోకస్ తప్పింది. జోన్ చిన్నది చేయండి.
- అంచులు నీళ్లలో నీడలా వంకర్లు తిరిగాయి: వేడి గాలి. లెన్స్‌ని తిట్టుకోకండి, దూరంగా నీటి మీద తక్కువ ఎత్తులో ఉన్న విమానాన్ని వదిలేసి దగ్గరికి వచ్చిందాన్ని తీయండి.
- అన్ని ఫొటోల్లో ఒకేచోట చుక్క: సెన్సార్ దుమ్ము.

ఇంటికి రాగానే కార్డులు రెండు చోట్ల కాపీ చేసుకోండి. కెమెరా, లెన్స్ ఒంటిని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. మెడకి వేసుకునే స్ట్రాప్ విప్పి మంచినీళ్లలో ఉతకండి, చెమటా ఉప్పూ ఎక్కువగా పట్టేది దానికే.